వెర్నా ఇల్లు సర్దిన రోజు

పోర్ట్ ట్రెవెన్‌లో లిండ్సే ఓపీ ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ నంబరు చెప్పరు. "గేటుకి నల్లమీసాలుంటాయి, అదే" అంటారు. ఆ మీసాలు కేబుల్ టైల కొసలు, వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలవి. గేటు బందులు ఉప్పుగాలికి తుప్పు పట్టి ఊడిపోతే లిండ్సే వాటి బదులు నల్ల కేబుల్ టైలు బిగించాడు, కొత్త బందులు తెచ్చేదాకా అని. ఆ తర్వాత దేశానికి ప్రధానమంత్రులు ఎంతమంది మారారో గానీ, బందులు మాత్రం రాలేదు.

"కనీసం ఆ కొసలైనా కత్తిరించవయ్యా, చూడలేక చస్తున్నాను" అని అతని భార్య వెర్నా నెత్తీనోరూ కొట్టుకునేది.

"కత్తిరిస్తే మళ్లీ బిగించాలంటే పట్టు దొరకదే" అనేవాడతను. అక్కడితో ఆ మాట ముగిసేది. మళ్లీ ఆదివారం మొదలయ్యేది.

చేతులు బాగున్న రోజుల్లో లిండ్సే ఆ చుట్టుపక్కల పొలాలన్నిటికీ గాలిమరలు, బోరు పంపులు బాగుచేసేవాడు. అతని తండ్రి తరంవాళ్లు ఏది ఊడినా కంచె తీగతో కట్టేవాళ్లు. లిండ్సే కూడా సగం వయసు దాకా అంతే. కేబుల్ టై చేతికి చిక్కిన రోజున తీగచుట్ట షెడ్డు మూలకి పోయింది. "తీగ చేతులు కోస్తుంది, తుప్పు పడుతుంది, గొర్రె నోట్లో పడితే దాని ప్రాణం తీస్తుంది. దీనికి మర్యాద తెలుసు" అని చొక్కా జేబులోంచి ఒకటి తీసి చూపించేవాడు. పెళ్లికి వెళ్లినా ఆ జేబులో నాలుగు ఉండాల్సిందే.

ఏం కట్టలేదు కనక! కంగారూని గుద్దుకుని పక్కింటి మెర్వ్ బండి బంపరు వేలాడితే దాన్ని కట్టాడు. పీతలు పట్టే వల చిరిగితే దాన్ని కట్టాడు. టమాటా మొక్కల్ని కర్రలకి కట్టేటప్పుడు మాత్రం వేలు దూరేంత వదులుగా వదిలేవాడు, కాండం లావెక్కినప్పుడు కోసుకోకుండా. కళ్లజోడు మరమేకు పోతే సన్నటి తెల్ల టై. సింకులో జుట్టు అడ్డం పడితే టై అంచులకి కత్తితో గాట్లు పెట్టి, లోపలికి తోసి పైకి లాగితే వచ్చే ఆ చెత్త చూసి వెర్నా ముక్కు మూసుకుని పారిపోయేది. వసంతం రాగానే మ్యాగ్‌పై పిట్టలు గూళ్లు పెట్టి, సైకిలు మీద వెళ్లేవాళ్ల నెత్తి మీదికి విరుచుకుపడతాయి కదా, ఊరి పిల్లల హెల్మెట్లన్నిటికీ ముళ్లలా టైలు నిలబెట్టింది లిండ్సేనే. ఆ ముళ్లని చూసి మ్యాగ్‌పైలు భయపడ్డాయని మాత్రం ఎవరూ చెప్పలేదు. పిల్లలకి భయం పోయింది, అంతే చాలు అనేవాడు. ఒక ఏడాది క్రిస్మస్ ఊరేగింపులో, మండుటెండలో, తాత వేషం వేసినవాడి గడ్డం తెగి పడబోతే ట్రాక్టరు ఆపించి చెవుల వెనక టైలు వేసి నిలబెట్టాడు. ఆ గడ్డం తర్వాత కత్తెర పెడితే గానీ ఊడలేదు.

వాడేసిన టైని కూడా పారేసేవాడు కాదు. వెర్నా కుట్టుపెట్టెలోంచి గుండుసూది దొంగిలించి, టై తలలో ఉండే చిన్న పన్నుని ఆ మొనతో ఎత్తి, టైని వెనక్కి లాగి, మళ్లీ జేబులో వేసుకునేవాడు. "ఒరేయ్, నీ అంత పిసినారి ఈ ద్వీపకల్పంలో లేడురా" అనేవాడు మెర్వ్. "నీ బంపరు విప్పి తీసుకోనా మరి?" అనేవాడు లిండ్సే.

వెర్నాకి ఇవేవీ గిట్టేవి కావు. ఆమె పుట్టింట్లో ముందుగది అతిథులకే. సొంత పిల్లలు కూడా అందులో కూర్చోకూడదు. ఎవరైనా వస్తున్నారంటే కిటికీలు తుడవాలి, స్కోన్లనే చిన్న రొట్టెలు కాల్చాలి, ఇంట్లో ఉన్న అవకరాలన్నీ కనపడకుండా చెయ్యాలి. ఆ ఊళ్లో ఆడవాళ్లందరిదీ అదే పెంపకం. డాక్టరు వస్తున్నాడంటే రోగి దుప్పటి మార్చి, జుట్టు దువ్వి, బుగ్గలకి రంగు వచ్చేలా గిల్లే ఊరది. ఎలా ఉన్నారని అడిగితే, కాలు విరిగినవాడు కూడా "ఫరవాలేదు, బానే ఉన్నాం" అంటాడు.

మొదట లిండ్సే కుడిచేతి బొటనవేలు ఆడింది. చలి అన్నాడు. తర్వాత చెయ్యంతా ఆడింది. పట్నంలో పెద్ద డాక్టరు పార్కిన్సన్స్ జబ్బు అన్నాడు. బండి దాకా వెర్నా అతని చెయ్యి పట్టుకునే నడిచింది. బండెక్కాక, "ఇప్పుడు నీ టైలెవరు బిగిస్తారయ్యా?" అని అడిగి భోరుమని ఏడ్చింది.

ఎవరు బిగిస్తారు, ఆమే బిగించింది. లిండ్సే కుర్చీలో కూర్చుని చెప్పేవాడు, ఆమె తిట్టుకుంటూ కట్టేది. అతని కోటు జిప్పు చివర టైతో పెద్ద ఉంగరంలాంటి ఉచ్చు వేసింది, వణికే వేలు అందులో దూర్చి లాగితే జిప్పు వచ్చేస్తుంది. వంటింటి సొరుగుల పిడులకీ, ఫ్రిజ్ తలుపుకీ, స్నానాల గది గడియకీ అవే ఉచ్చులు. ఫోర్కు కాడకి స్పాంజి చుట్టి రెండు టైలు. మంచం దగ్గరనుంచి స్నానాల గది దాకా గోడవెంట ఒక లావు తాడు, చెయ్యి జారినప్పుడు పట్టు దొరికేలా అడుగడుగునా టై ముడి. వేడినీళ్ల కుళాయికి ఎర్ర టై. ఇల్లు చూస్తే కోళ్లగూడులా ఉంది. కానీ లిండ్సే తన బట్టలు తను వేసుకుంటున్నాడు, తన అన్నం తను తింటున్నాడు. వెర్నా ఈమధ్య ఇంటికి ఎవర్నీ పిలవడం మానేసింది.

చలికాలం చివర్లో అతను కోళ్ల దొడ్లో పడ్డాడు. నుదుటికి కుట్లు పడ్డాయి, పట్టుకుని నడిచే చక్రాల వాకరు ఒకటి ఇంటికి వచ్చి మూల నిలబడింది. క్లినిక్‌లో డాక్టరు కుట్లు విప్పుతూ అన్నాడు, అడిలైడ్ పట్నం నుంచి ప్రభుత్వ ఉద్యోగి ఒకామె ఇంటికి వచ్చి చూస్తుంది, లిండ్సే ఆ ఇంట్లో ఉండగలడో లేదో చెబుతుంది అని. ఉండలేకపోతే వృద్ధుల ఆశ్రమం. ఆశ్రమం పోర్ట్ ట్రెవెన్‌లో లేదు. హైవే మీద గంట దూరం. వెర్నా కళ్లకి మసక మొదలయ్యాక హైవే మీద బండి నడపడం మానేసింది. అంటే ఎవరైనా దయతలచి తీసుకెళ్లిన రోజున చూసి రావాలి. పెళ్లైనప్పటినుంచీ పక్కన గురక వింటూ పడుకున్న మనిషి ఆమె. ఆ గురకని కూడా తిట్టేది, అది వేరే సంగతి.

ఆ మనిషి వచ్చే ముందురోజు వెర్నా కిటికీలు తుడిచింది. కర్టెన్లు ఉతికింది. వంటింటి మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. ఎక్కడ చూసినా టైలే, వాటి నల్లమీసాలే. ఆమె మొహం కందగడ్డయింది. షెడ్డులోకి వెళ్లి లిండ్సే కటింగ్ ప్లయరు తెచ్చింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు లిండ్సే కుర్చీలోంచి.

"ఇల్లు సర్దుతున్నాను. వచ్చేదానికి ఇది ఇల్లులా కనపడాలా, చెత్తకుప్పలా కనపడాలా? ఇలా చూసిందంటే ఇక్కడ మనుషులు బతకరని రాసిపారేస్తుంది. నిన్ను తీసుకుపోతారు. అప్పుడు తెలుస్తుంది."

"ఒక్కరోజుకేగా?"

"ఒక్కరోజుకే. రేపు సాయంత్రం మళ్లీ కడతాను. ఒక్క గంట నువ్వు మామూలుగా కనపడు చాలు."

లిండ్సే ఇంకేదో అనబోయి, "నీ ఇష్టం" అన్నాడు. అతనికీ సిగ్గుగానే ఉంది. ప్లయరు టక్ టక్‌మంటూ ఒక్కొక్క గదీ తిరిగింది. సొరుగులు, ఫ్రిజ్, గడియ, ఫోర్కు, కోటు జిప్పు. తాడు చుట్ట చుట్టి షెడ్డులో పడేసింది. తెగిన టైలన్నీ ఒక బకెట్‌లో వేసి పెరటి తలుపు వెనక దాచింది. ఇల్లు ముచ్చటగా ఉంది. చాలాకాలం తర్వాత వెర్నా ముందుగదిలో కాసేపు కూర్చుంది.

వచ్చినామె పేరు ఇరీనీ. గ్రీకుల అమ్మాయి, నవ్వు మొహం. స్కోను తిని, ఇంకొకటి అడిగి మరీ తీసుకుంది. వెర్నాకి ప్రాణం లేచొచ్చింది.

"ఎలా నడుస్తోందండీ ఇంట్లో?" అని అడిగింది ఇరీనీ.

"మాకేం ఫరవాలేదమ్మా, బానే ఉన్నాం" అంది వెర్నా.

"బానే ఉన్నాం" అన్నాడు లిండ్సే.

"అయితే ఒకసారి మీ కోటు వేసుకుని చూపిస్తారా, లిండ్సే గారూ?"

కోటు భుజాల మీదికి వచ్చింది. జిప్పు దగ్గర ఆగిపోయింది. చిటికెన వేలి గోరంత ఇనప ముక్క, దాన్ని పట్టుకోబోయిన ప్రతిసారీ వేళ్లు పక్కకి పోయాయి. ఇరీనీ తొందరపెట్టలేదు. అదే వెర్నాకి భరించరానిదైంది. "ఎండగానే ఉందిగా, కోటెందుకులే" అని నవ్వబోయింది. సొరుగులోంచి చెంచా తీయమంటే పిడి చేతిలోంచి జారింది, రెండోసారీ జారింది. ఫ్రిజ్ తలుపు తెరుచుకోలేదు. అతని మెడమీద చెమట పట్టింది. "స్నానాల గదికి వెళ్లొస్తాను" అని తప్పించుకున్నాడు.

గోడవెంట చెయ్యి తడుముతూ వెళ్లాడు, లేని తాడు కోసం. తలుపు పడింది. అలవాటుగా గడియ వేసుకున్నాడు. వేసుకోవడం వచ్చింది గానీ తీయడం రాలేదు.

ముందు గడియ గిలగిల్లాడిన చప్పుడు. "వెర్నా" అని పిలిచాడు, చిన్నగా. ఆ పిలుపు విని వెర్నా పరిగెత్తింది. తలుపు మీద పడి బాదింది. ఇరీనీ పెరట్లోకి పరిగెత్తి కేకేస్తే, మెర్వ్ స్క్రూడ్రైవరుతో వచ్చి గడియ ఊడదీశాడు. లిండ్సే స్నానాల తొట్టి అంచున కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు.

అందరూ మళ్లీ వంటింట్లో కూర్చున్నాక ఇరీనీ మెల్లగా మొదలుపెట్టింది. "ఏమీ అనుకోకండి. ఈ ఇంట్లో ఆయన ఒంటరిగా ఒక్క తలుపు కూడా తీయలేకపోతున్నారు. నేను చూసిందే రాయాలి కదా. ఆశ్రమం ఒకసారి వెళ్లి చూసొస్తే..."

వెర్నా లేచి బయటికి వెళ్లిపోయింది. ఏడవడానికి వెళ్లిందనుకున్నారు. ఆమె బకెట్‌తో వచ్చి, దాన్ని బల్లమీద, స్కోన్ల పక్కన, బోర్లించింది. నల్లవి, తెల్లవి, ఎర్రది, గుట్టగా పడ్డాయి.

"ఇదిగోనమ్మా, ఈయన చేతులు. నిన్న నేనే కత్తిరించాను" అంది. "నిన్నటిదాకా కోటు వేసుకున్నాడు. సొరుగులు తీశాడు. ఎవరి సాయమూ లేకుండా ఆ గదికి వెళ్లొచ్చాడు. నువ్వొస్తున్నావని, ఇల్లు చూసి నవ్వుతావని, నేనే అన్నీ తెంపేశాను. మా పరువు మండిపోనూ! రాసేదేదో నామీద రాయి. ఆయన్ని తీసుకుపోమని మాత్రం రాయకు."

మెర్వ్ కిటికీ వైపు తిరిగాడు. లిండ్సే భార్య మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "దాని ఒక్కదాని తప్పు కాదమ్మా. వద్దనాల్సింది నేను. నాకూ మగాడిలా కనపడాలనిపించింది" అన్నాడు.

ఇరీనీ గుట్టలోంచి ఒక ఉచ్చు తీసి వేలికి తగిలించుకుని చూసింది. "నేను నవ్వడానికి రాలేదు వెర్నా గారూ. చూడాల్సింది దాచేస్తే నేనేం చూసి వెళ్లాలి? నాకు సాయంత్రం దాకా వేరే పని లేదు. మళ్లీ కట్టండి."

కట్టారు. లిండ్సే షెడ్డులోంచి కొత్త టైల కట్టలు తెప్పించాడు. మెర్వ్ లాగాడు, వెర్నా పట్టుకుంది, లిండ్సే కుర్చీలోంచి పెత్తనం చేశాడు. "అంత బిగించకురా, వేలు దూరాలి. కొస కిందికి తిప్పు. మొద్దూ, తల ఎటుందో చూసుకో!" "నోరు మాత్రం వణకదురా నీకు" అన్నాడు మెర్వ్. ఇరీనీ పకపకా నవ్వింది. ఈసారి స్నానాల గదికి గడియే పెట్టలేదు. తాడు మళ్లీ గోడెక్కింది.

అప్పుడు లిండ్సే లేచి కోటు వేసుకున్నాడు. ఉచ్చులో వేలు దూర్చాడు. చెయ్యి ఆడుతూనే ఉంది, జిప్పు మాత్రం గడ్డం దాకా వచ్చింది. సొరుగు తీశాడు. ఫ్రిజ్ తీసి పాలసీసా చూపించాడు. తాడు పట్టుకుని వెళ్లి, అదే తాడు పట్టుకుని తిరిగొచ్చాడు. వెర్నా అతని కాళ్లవైపే చూసింది.

"ఇంక మీ సంగతి చెప్పండి. మీరెలా ఉన్నారు?" అంది ఇరీనీ ఆమె వైపు తిరిగి.

"నాకేం, నేను బానే..." అని వెర్నా ఆగిపోయింది. "నాకు నిద్రలేదమ్మా. ఈయన్ని స్నానం తొట్టిలోంచి లేపలేకపోతున్నాను. నా నడుం పడిపోయింది. ఎవరికైనా చెబితే మమ్మల్ని విడదీస్తారని చెప్పలేదు." ఆ మాటలు అనడానికి ఆమెకి ఎంత కష్టమైందో లిండ్సేకి తెలుసు. పురిటినొప్పుల్లో కూడా బానే ఉన్నానన్న మనిషి.

ఇరీనీ చెప్పింది, లిండ్సే ఇక్కడే ఉండొచ్చని రాస్తానని. కాకపోతే వారంలో కొన్ని రోజులు పొద్దున్నే స్నానం చేయించడానికి ఒక మనిషి వస్తుంది, వెర్నా తలుపు తీయాలి. వచ్చే చలికాలం తర్వాత ఇరీనీ మళ్లీ వచ్చి చూస్తుంది, అప్పటి సంగతి అప్పుడే. "ఆ వచ్చే మనిషి కోసం ఇల్లు సర్దుతానంటే ఊరుకోను" అని వేలు చూపించింది. తర్వాత లిండ్సేని అడిగింది, "ఏ పని మీ చేత్తో మీరే చేసుకోవాలని అన్నిటికన్నా ఎక్కువగా ఉంది?"

షెడ్డు పని అంటాడనుకుంది వెర్నా. జెట్టీ మీద చేపలు పట్టడం అంటాడేమో అనుకున్నాడు మెర్వ్.

"పొద్దున్నే దీనికి మంచం దగ్గరికి టీ తీసుకెళ్లాలి" అన్నాడు లిండ్సే. "పెళ్లైన మర్నాటినుంచీ నేనే ఇచ్చాను. కిందటేడు సాసర్లో సగం ఒలకడం మొదలైంది. అప్పట్నుంచి ఇది నాకన్నా ముందే లేస్తోంది. నాకు తెలీదనుకుంటోంది. నాకు తెలుసు."

అతను గమనించలేదనే వెర్నా ఇన్నాళ్లూ అనుకుంది. చీకటితోనే లేచి, చప్పుడు కాకుండా కెటిల్ పెట్టుకుని, అతను లేచేసరికి కప్పు కడిగేసి పెట్టేది.

"మూతున్న కప్పు ఉంటుంది..." అని ఇరీనీ అనబోయింది.

"అది పసిపిల్లలకి" అన్నాడు లిండ్సే. "నా వాకరుకి ముందు పాలడబ్బాల ట్రే ఒకటి కట్టు మెర్వ్. నాలుగు మూలలా. అందులో రొట్టెల టిన్ను, టిన్నులో కప్పు. ఒలికినా టిన్నులోనే ఒలుకుతుంది."

మర్నాడు పొద్దున వెర్నాకి ఎప్పటిలాగే మెలకువ వచ్చింది. లేవబోయి, ఆగి, దుప్పటి మెడదాకా లాక్కుంది. పక్కన మంచం ఖాళీ. వంటింట్లో కెటిల్ పెట్టిన చప్పుడు. సొరుగు తెరుచుకుంది. చెంచా కింద పడింది. ఆమె దుప్పటి కింద పిడికిళ్లు బిగించింది. వంగుతున్నాడేమో, తూలుతాడేమో, వెళ్లనా? వెళ్లలేదు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఇంకో చెంచా తీశాడు. వెర్నా ఇంట్లో ఎన్ని పనులు చేసిందో గానీ, అలా కదలకుండా పడుకున్నంత కష్టమైన పని మాత్రం ఎప్పుడూ చేయలేదు.

వాకరు చక్రాలు గుమ్మం దగ్గర ఆగాయి, మళ్లీ కదిలాయి. "నిద్రపోతున్నావా?" అన్నాడు లిండ్సే.

"ఇప్పుడే లేచాను" అంది.

టిన్నులో టీ మడుగు కట్టింది. కప్పులో సగం మిగిలింది, పాలు పోయడం మరిచిపోయాడు. అతను రెండు చేతులా కప్పు ఎత్తి ఇచ్చాడు. ఆమె చేతులు చాచి ముందుకు వంగలేదు. అతను తెచ్చి ఇచ్చేదాకా ఆగి, అప్పుడు అందుకుంది. గోరువెచ్చగా, చేదుగా ఉన్న ఆ టీని చివరి చుక్కదాకా తాగింది. కళ్లవెంట నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

లిండ్సే మంచం అంచున కూర్చున్నాడు. "రేపు కూడా పడుకునే ఉంటావా?" అని అడిగాడు.

"ఉంటాను" అంది వెర్నా.